వేగులవాని కథ వ్రాసిన ఫెనిమోర్ కూపరు

గ్రంథాలయమునకు వచ్చువారిలో పలువురు మొదట అడుగునది నవల. నవలలలోను యుద్ధకాలపు గూఢచారుల కథ యనిన, ఆ పుస్తకము అలమారులో ఒక దినమైనను నిలువదు. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోయి, అట్టలూడి, మరల కుట్టించుకొని వచ్చి చేరుచుండును. ఇట్టి నవలలలో ఒక తెగ కలదు. అందు కథ రెండు కాలములలో నడచును. తొలికాలమున యుద్ధము, రహస్యము, ప్రాణభయము. మలికాలమున, ఎన్నియో యేండ్లు గడచిన పిమ్మట, ఆ యుద్ధమును చూచి యెరుగని యువకుని చేతికొక పాతకాగితము చిక్కును. దానితో ఆనాడు మిత్రుడెవడో ద్రోహి యెవడో తేటపడును. ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినదని పలువురు తలతురు. కాని 1821వ సంవత్సరముననే అమెరికా రచయిత యొకడు ఇట్టి నవలను ప్రకటించెను. ఆయన పేరు జేమ్సు ఫెనిమోర్ కూపరు. ఆ నవల పేరు ‘ది స్పై’, అనగా వేగులవాడు.

కూపరును ‘ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్సు’ అను నవల వలన ఎరిగినవారు మనలో కలరు. అడవులను గూర్చియు, ఆదివాసులను గూర్చియు, సముద్రమును గూర్చియు ఆయన వ్రాసినవి చాల కలవు. వాని సంగతి అటుంచి, ఆయన జీవితమును చెప్పుచు ఈ వేగులవాని కథ ఎట్లు పుట్టినదో మాత్రము విపులముగ వ్రాయదలచితిని. ఏలయనిన, దాని పుట్టుకయే ఒక కథ.

కూపరు 1789 సెప్టెంబరు 15వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి బర్లింగ్టనులో జన్మించెను. ఆ సంవత్సరముననే జార్జి వాషింగ్టను అమెరికా సంయుక్తరాష్ట్రములకు మొదటి అధ్యక్షుడయ్యెను. అనగా కూపరు స్వతంత్రదేశమున కన్ను తెరచిన తొలితరమువాడు. స్వాతంత్ర్యయుద్ధమును ఆయన చూడలేదు, పెద్దలవలన విన్నాడు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

తండ్రి విలియం కూపరు స్వశక్తిచే పైకి వచ్చి, భూముల క్రయవిక్రయములవలన ధనవంతుడైనవాడు. న్యూయార్కు రాష్ట్రమున ఆట్సెగో అను సరస్సు ఒడ్డున అడవి కొట్టించి ఊరు కట్టించెను. ఆ ఊరు ఆయన పేరనే కూపర్సుటౌను అని నేటికిని పిలువబడుచున్నది. బర్లింగ్టనును విడిచి ఆ అడవికి పోవుటకు తల్లికి ఇష్టము లేదట. ఆమె కుర్చీనుండి లేవననగా, కుర్చీతో కూడ ఎత్తి బండిలో పెట్టించిరని ఆ కుటుంబమున చెప్పుకొనెడివారు. ఏడాది వయసు బిడ్డడుగా కూపరు ఆ బండిలోనే ఆ యూరు చేరెను.

కొన్ని యేండ్లకు ఆల్బనీ పట్టణమున ఒక మతగురువు ఇంట చదువుటకు ఆయనను పంపిరి. అచ్చట సహాధ్యాయులలో విలియం జే అను బాలుడుండెను. ఈ బాలుని తండ్రి జాన్ జే దేశమున మిక్కిలి పేరుగల పెద్దమనుష్యుడు. బాల్యమునాటి ఈ స్నేహము తరువాత ఎంత పనిచేసినదో ముందు తెలియగలదు. పదుమూడేండ్లకే కూపరు యేలు కళాశాలలో చేరెను గాని అల్లరి చేష్టలవలన 1805లో వెడలగొట్టబడెను. పిల్లవాని ఆగడములు తాళలేక తండ్రి ఆయనను ఓడపనికి పంపెను. 1806లో స్టెర్లింగు అను వర్తకపు ఓడలో సామాన్య నావికుడై ఇంగ్లండునకును స్పెయిను తీరమునకును పోయి వచ్చెను. ఆ ప్రయాణమున ఇంగ్లీషు నౌకాదళమువారు ఓడ నెక్కి, అందలి నావికునొకని బలవంతముగ తమ కొలువునకు పట్టుకొనిపోయిరి. స్వతంత్రదేశపు ఓడయైనను అడ్డు చెప్పగలవాడు లేకపోయెను. 1808లో కూపరు అమెరికా నౌకాదళమున చేరి, ఆంటారియో సరస్సు ఒడ్డున కొంతకాలము పనిచేసెను. నయగరా సరిహద్దు ప్రాంతము ఆయన ఎరుకపడినది ఆ దినములలోనే.

1809లో తండ్రి పోయెను. 1811 జనవరి 1వ తేదీన కూపరు సూసన్ డి లాన్సీ అను కన్యను పెండ్లాడెను. పెండ్లియైన పిమ్మట నౌకాదళపు కొలువు మానుకొనెను. ఇంగ్లీషువారి దౌర్జన్యమును కన్నులార చూచిన ఈ యువకుడు చేరిన అత్తవారిల్లు ఎట్టిదో తెలిసిన గాని ఆయన నవల మనకు సరిగా తెలియదు. డి లాన్సీలు స్వాతంత్ర్యయుద్ధమున ఇంగ్లండు రాజు పక్షము వహించినవారు. మామగారు ఇంగ్లీషు సైన్యమున అధికారిగా నుండెను. ఆయన దాయాది జేమ్సు డి లాన్సీ రాజపక్షపు ఆశ్వికదళమునకు నాయకుడు. ఆ దళము పేరు చెప్పిన వెస్టుచెస్టరు జిల్లా పల్లెలలో తల్లులు పిల్లలను ఇంటిలోనికి లాగికొనెడివారనవచ్చును. యుద్ధానంతరము డి లాన్సీల ఆస్తులు చాలవరకు జప్తు చేయబడెను. దేశభక్తులు ద్రోహులని పిలిచినవారిని కూపరు మామయ్య అని పిలువవలసి వచ్చెను. ఆ యింట ప్రతిదినము భోజనము చేయుచు, వారును మర్యాదస్థులే యనియు, తాము నమ్మిన దానికై నష్టపడినవారే యనియు ఆయన గ్రహించెను.

ఇక ఆ యుద్ధము సంగతి కొంత చెప్పవలెను. 1775లో మొదలై 1783లో ముగిసిన ఈ యుద్ధమున న్యూయార్కు నగరమును ఇంగ్లీషువారు 1776లో పట్టుకొని, చివరివరకు విడువలేదు. వాషింగ్టను సేనలు ఉత్తరమున హడ్సను నదీతీరపు కొండలలో నిలిచెను. నడుమ నున్నది వెస్టుచెస్టరు జిల్లా. అది ఇరువురిదియు కాదు. దానిని తటస్థభూమి యనిరి. పేరు చల్లనిది గాని అచ్చటి బ్రతుకు నిప్పులమీది బ్రతుకు. రాజపక్షమువారమని చెప్పుకొను దోపిడిమూకలకు కౌబాయిలని పేరు. వారు పశువులను తోలుకొనిపోయి నగరమున అమ్ముకొనెడివారు. దేశభక్తులమని చెప్పుకొను మూకలకు స్కిన్నర్లు, అనగా తోలు ఒలుచువారు, అని పేరు. ఒకరు పగలు దోచిన యింటిని మరియొకరు రాత్రి దోచెడివారు. రైతు తలుపు తట్టినవానికి, వాడెవడో తెలియకుండ, తానే పక్షమువాడనో చెప్పవలసి వచ్చెడిది. తప్పు చెప్పెనా, ఇల్లు కాలిపోవును.

ఈ యుద్ధమున 1781లో యార్కుటౌనుకడ ఓడి లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిసు మనకు క్రొత్తవాడు కాడు. ఐదేండ్లకు గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చి, శాశ్వత శిస్తు పద్ధతిని బెంగాలున స్థాపించినవాడు ఆతడే. 1802 మొదలు ఆ పద్ధతి ఉత్తర సర్కారులకును వచ్చి, మన జమీందారీలకు ఆధారమయ్యెను. అచ్చట ఓడినవాని చేతివ్రాత ఇచ్చట మన పొలముల గట్లమీద నూరేండ్లకు పైగా నిలిచినది.

తటస్థభూమి కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆండ్రీ అను ఇంగ్లీషు అధికారి కథ. మారువేషమున రహస్యపత్రములతో పోవుచుండగా 1780 సెప్టెంబరు 23వ తేదీన టారీటౌనుకడ ముగ్గురు గ్రామీణులు ఆతనిని పట్టుకొనిరి. అక్టోబరు 2వ తేదీన ఆతనిని వేగులవాడుగ ఉరితీసిరి. పట్టుకొన్న ముగ్గురిని దేశము వీరులుగా పూజించినది. కాని 1817లో వారిలో ఒకడు భరణము పెంచుమని కోరగా, ఆ యుద్ధమున అధికారిగా నుండిన శాసనసభ్యుడు టాల్‌మడ్జి లేచి, వారు దేశభక్తులు కారనియు, దోపిడికై కాచుకొనియుండినవారే యనియు, ఆండ్రీకడ చాలినంత ధనమున్న విడిచిపెట్టియుందురనియు సభలోనే చెప్పెను. దేశమంతట దీనిపై వాదము చెలరేగెను. డబ్బునకు లొంగినవాడెవడు, లొంగనివాడెవడు అను ప్రశ్న యుద్ధము ముగిసిన ముప్పదినాలుగేండ్లకు మరల లేచినది.

సరిగా ఆ దినములలోనే కూపరు వెస్టుచెస్టరు జిల్లాలో, స్కార్సుడేలు అను చోట, ఆంజివీను అను పొలమున ఇల్లు కట్టుకొని కాపురముండెను. తండ్రి విడిచిన ఆస్తి అప్పులపాలై కరగిపోవుచుండెను. అన్నలు ఒక్కొక్కరుగ మరణించిరి. 1819 నాటికి వారిలో ఒక్కరును లేరు. ఇట్టి చిక్కులనడుమ ఆయనకు ఊరటయైనది చుట్టుపట్టుల ముసలి రైతుల మాటలు. సాయంకాలములందు వారిని ఇంటికి పిలిచి, ఆపిలుపండ్ల పులిసిన రసము ఇచ్చి, యుద్ధము నాటి ముచ్చటలు చెప్పించుకొనెడివాడని ఆయన కుమార్తె తరువాత వ్రాసినది. 1776లో వైటుప్లెయిన్సుకడ జరిగిన యుద్ధము, కౌబాయిల దాడులు, ఏ వంపుకడ ఎవడు పడినాడు, ఏ యింటిలో ఎవరు దాగిరి అనునవి వారికి నిన్నటి సంగతులవలె నుండెను. అత్తవారింట ఒక పక్షపు కథ, పొరుగురైతులకడ రెండవ పక్షపు కథ. ఒకే వంతెన, ఒకే రాత్రి, రెండు కథలు.

అంతవరకు కూపరు రచయిత కాడు. ఉత్తరము వ్రాయుటయే ఆయనకు బరువు. ఒకనాడు భార్యకు ఇంగ్లండునుండి వచ్చిన క్రొత్త నవలను చదివి వినిపించుచు, విసుగుతో దానిని పడవైచి, ఇంతకంటె మంచి నవలను తానే వ్రాయగలనని చెప్పెనట. భార్య నవ్వెను. ఆ నవ్వే ఆయనను బల్లకడ కూర్చుండబెట్టినది. 1820లో ‘ప్రికాషను’ అను నవల అచ్చయ్యెను. అది ఇంగ్లండు కథ. తాను నివసించి యెరుగని సమాజముపై, ఇంగ్లీషు రచయితలను అనుకరించి వ్రాసినది. నిజము చెప్పవలెనన్న అది నేడు చదువదగినది కాదు. కాని దాని వ్రాతప్రతిని కూపరు బెడ్‌ఫర్డు గ్రామమున జే కుటుంబమువారికి చదివి వినిపించి, వారి ప్రోత్సాహము పొందెను. జే పేరు మరల వచ్చినది కాన, ఆ పెద్దమనుష్యుని సంగతి చెప్పెదను.

జాన్ జే యుద్ధకాలమున జాతీయ మహాసభకు అధ్యక్షుడు; 1779లో స్పెయినుకు రాయబారి; తరువాత దేశపు మొదటి ప్రధాన న్యాయమూర్తి; ఆ పిమ్మట న్యూయార్కు గవర్నరు. 1801లో పదవులన్నియు విడిచి బెడ్‌ఫర్డున తన పొలమున విశ్రమించుచుండెను. సహాధ్యాయుని తండ్రి యగుటచే కూపరు అచ్చటికి పోవుచుండెడివాడు. ఒక వేసవి సాయంకాలమున అందరును కూర్చుండగా, గొప్ప రాజకీయ సంక్షోభములు మనుష్యుల స్వభావమునెట్లు మార్చును, దేశప్రేమ సామాన్యుని సైతము ఎంత ఎత్తునకు లేపును అను ప్రసంగము వచ్చెను. అప్పుడా వృద్ధుడు ఒక కథ చెప్పెను.

యుద్ధారంభమున స్వాతంత్ర్యపక్షమునకు విరుద్ధముగ జరుగు కుట్రలను కనిపెట్టుటకు ఏర్పడిన రహస్యసంఘమునకు జే ముఖ్యుడుగ నుండెను. ఇంగ్లీషువారు గుట్టుగ ఎచ్చటెచ్చట సైనికులను చేర్చుకొనుచున్నారో తెలిసికొనుటకు ఆయన ఒక మనుష్యుని నియమించెను. ఆ మనుష్యుడు పేదవాడు, చదువు తక్కువ, కాని నిబ్బరము, తెలివి, ధైర్యము కలవాడు. శత్రువులలో కలిసి, వారివాడనని నమ్మించి, వార్తలు చేరవేయుటయే వాని పని. తనవారికి తాను ద్రోహిగ కనబడుట ఆ పనిలో భాగము. ఒకమారు స్వాతంత్ర్యపక్షమువారే వానిని పట్టుకొని ఉరిశిక్ష విధించిరి. చెరసాల యధికారికి గుట్టుగ పంపిన ఉత్తరువు సమయమునకు చేరుటచే వాని ప్రాణము దక్కెను. అప్పుడును నిజము బయటపెట్టుటకు వీలు లేదు. తప్పించుకొనిపోయినట్లు నటింపవలసినదే.

కొన్నియేండ్లకు జే విదేశమునకు పోవలసి వచ్చెను. పోవుటకు ముందు, పేరు చెప్పకయే ఆ మనుష్యుని సేవను మహాసభకు విన్నవించి, కొంత ధనము మంజూరు చేయించెను. అర్ధరాత్రి అడవిలో ఇరువురును కలిసికొనిరి. జే ధనమును చేతికి అందించెను. ఆ మనుష్యుడు వెనుకకు జరిగెను. దేశమునకు ప్రతి కాసును అవసరమైయున్న కాలమున తనకేల యనియు, తాను ఏదో పని చేసికొని బ్రతుకగలననియు చెప్పి పుచ్చుకొనలేదు. ఎంత చెప్పినను వినలేదు. జే తెచ్చిన బంగారమును తిరిగి తీసికొనిపోయెను. ఈ కథను చెప్పిన జే ఆ మనుష్యుని పేరు మాత్రము చెప్పలేదు. గుప్తముగ నుంచుటకు మాట యిచ్చినవాడు, నలుబదియేండ్లైనను ఆ మాట తప్పలేదు.

ఈ కథ కూపరు మనస్సున నాటుకొనిపోయెను. మొదటి నవల విదేశపు కథయని మిత్రులు తప్పుపట్టగా, ఈమారు స్వదేశపు కథనే, దేశభక్తియే విషయముగ వ్రాయవలెనని నిశ్చయించుకొనెను. అప్పుడు జే చెప్పిన మనుష్యుడు ఆయన కన్నులయెదుట నిలిచెను. తాను నివసించుచున్న నేలయే కథాస్థానమయ్యెను.

పని సాఫీగ సాగలేదు. 1820లోనే ఎడింబరో పత్రికలో ఒక విమర్శకుడు, అమెరికావాడు వ్రాసిన పుస్తకమును లోకమున చదువువాడెవడని ఎగతాళి చేసియుండెను. అమెరికా పాఠకులకు సైతము ఇంగ్లండు సరకే సరకు. రాజులు, కోటలు, ప్రభువులు లేని దేశమున నవలకు తగిన వస్తువేది యని కూపరునకే సందేహము. మొదటి సంపుటము అచ్చయి నెలలతరబడి పడియుండెను, రెండవది కదలలేదు. కథ ఎంత పెరుగునో, అచ్చు ఖర్చు ఎంతయగునో యని ప్రకాశకుడు భయపడజొచ్చెను. ఆతనికి ధైర్యము చెప్పుటకై కూపరు ఒక విచిత్రమైన పని చేసెను. ముందున్న ప్రకరణములు ఇంకను తలపునకైనను రాకముందే, చివరి ప్రకరణమును వ్రాసి, అచ్చువేయించి, పుటల సంఖ్యలు కూడ వేయించెను! తరువాత నడుమ కథను ఆ పుటలలో సరిపోవునట్లు వ్రాసి పూర్తి చేసెను. ఈ సంగతిని తరువాతి ముద్రణపు పీఠికలో ఆయనయే ఒప్పుకొని, కథలోని లోపములకు ఇదియు నొక కారణమనెను. లోపమైనను కానిండు. కాని కూపరునకు ఈ కథ ఎచ్చట ముగియునో ముందే తెలియును, దారియే తెలియదు. ఆ ముగింపే ఈ నవలకు ప్రాణము. దానిని చెప్పుటకు ముందు కథ చెప్పవలెను.

1780వ సంవత్సరము చివర. తటస్థభూమిలో వార్టను అను ధనికుని ఇల్లు. గాలివానలో ఒక గంభీరుడైన బాటసారి వచ్చి హార్పరు అను పేరు చెప్పి ఆశ్రయము కోరును. ఇంగ్లీషు సైన్యమున అధికారియైన ఆ యింటి కుమారుడు మారువేషమున తండ్రిని చూడవచ్చును. కుమార్తెలలో చిన్నదగు ఫ్రాన్సెసు అమెరికా సైన్యాధికారి డన్‌వుడీని ప్రేమించును. పెద్దదాని మనసు ఇంగ్లీషు అధికారిమీద నుండును. ఒకే కప్పుక్రింద రెండు పక్షములు. కూపరు అత్తవారిల్లు మనకు కనబడుచునే యున్నది.

ఈ యింటికి వచ్చిపోవువాడు హార్వే బర్చి అను మూటవర్తకుడు. సరకులమూట వీపున వేసికొని ఊరూర తిరుగును. ఇంగ్లీషువారి వేగులవాడని ఆ ప్రాంతమంతయు వానిని ద్వేషించును; సైనికులు వేటాడుదురు. స్కిన్నర్లు వాని ఇంటిని దోచి కాల్తురు. ముసలితండ్రి చనిపోవును. చివరకు వాడు డన్‌వుడీ చేతికి చిక్కగా ఉరి నిశ్చయమగును. అప్పుడు బర్చి రొమ్మునుండి ఒక చిన్న కాగితమును తీయును. దానిని చూపిన ప్రాణము దక్కును. ఒక క్షణము ఆగి, దానిని చూపక నోట వేసికొని మ్రింగివేయును. నేను ఈ ఘట్టమును మొదట చదివిన రాత్రి దీపము ఆర్పుటకు చాలసేపు మనసు రాలేదు. అందేమి వ్రాసియున్నదో పాఠకునకు అప్పటికి తెలియదు. చూపియుండవలసినదని మాత్రము మనసు కొట్టుకొనును. తరువాత వాడు సేనవెంట తిరుగు చాకలిదాని చీరెకట్టు మార్చుకొని పారిపోవుట మనకు కొంచెము నవ్వు తెప్పించును గాని, ఆ నవ్వుక్రింద ఆ కాగితము మాట మరపునకు రాదు.

హార్పరు మరెవరో కాదు, వాషింగ్టనే. బర్చి ఆయన నమ్మిన వేగులవాడు. యుద్ధము ముగియవచ్చినప్పుడు వాషింగ్టను వానిని పిలిపించి బంగారమునిచ్చును. బర్చి పుచ్చుకొనడు. ఇతరుల ప్రాణములు దీనిపై నున్నవి కాన, వాడు చచ్చువరకు ద్రోహియను పేరుతోనే బ్రతుకవలెనని సేనాని చెప్పును. బర్చి ఒప్పుకొనును. బెడ్‌ఫర్డున చెప్పబడిన అర్ధరాత్రి కథ ఇదియే.

కథ ఇంతటితో ముగిసిన చాలునని మరియొకడు తలచియుండును. కూపరు అట్లు తలచలేదు. ముందుగ అచ్చువేయించిన ఆ చివరి ప్రకరణము ముప్పదిమూడేండ్లు దాటి, 1814 జూలై 25వ తేదీన, నయగరా జలపాతముచెంత లండీసు లేను యుద్ధభూమిలో తెరచుకొనును. ఇంగ్లండుతో రెండవ యుద్ధము. ఇరువురు యువకాధికారులు మాటలాడుకొనుచుందురు. వారిలో ఒకడు డన్‌వుడీకి ఫ్రాన్సెసుకు పుట్టిన కుమారుడు. ఒక ముసలి మూటవర్తకుడు వారి చెంతకు వచ్చి, ఆ బాలుని ముఖమున తల్లి పోలికలను చూచి కన్నీరు నించును. బాలునకు వాడెవడో తెలియదు. ఆ యుద్ధమున ముసలివాడు తుపాకి చేతబట్టి ముందునకు పోయి కూలును. మరునాడు శవము రొమ్ముపై ఒక రేకుపెట్టె దొరకును. అందు వాషింగ్టను చేవ్రాలు గల కాగితము. హార్వే బర్చి ఏళ్లతరబడి ప్రతిఫలము కోరక దేశమునకు నమ్మకముగ సేవచేసినవాడనియు, కారణములచే ఈ సంగతి రహస్యముగ నుంచబడినదనియు అందలి భావము.

యుద్ధమును చూడని తరము ఆ కాగితమును చదువుచున్నది. కూపరు తానును అట్టి తరమువాడే గదా. రైతుల మాటలు వినుచు, జే చెంత కూర్చుండి, పేరులేని యొక మనుష్యుని తెలిసికొన్నవాడు. ఆ రెండవ కాలము ఆయన సొంతకాలము. అసలు మనుష్యునకు దొరకని కాగితమును ఆయన కథలోని మనుష్యునకు ఇచ్చెను.

లోపములు లేవా యనిన, కలవు. ఆ నవలలో స్త్రీలు పుస్తకము చదువుచున్నట్లు మాటలాడుదురు. దళపు వైద్యుని హాస్యము ఎంతకును తెగదు. వాషింగ్టనును బాటసారిగ తెచ్చి కూర్చుండబెట్టుట నప్పలేదని ఆనాడే కొందరు అనిరి. కూపరు రచనలను 1895లో మార్కు ట్వేను చీల్చి చెండాడినాడు. అది మరియొక నవలపై వ్రాసినదైనను, కొన్ని దెబ్బలు దీనికిని తగులును. అయినను కాగితము మ్రింగిన ఘట్టమును చెరుపగల విమర్శ లేదు.

1821 డిసెంబరులో ‘ది స్పై’ వెలువడగానే అమ్ముడుపోయి, 1822 మార్చికి రెండవ ముద్రణమయ్యెను. అదే నెలలో న్యూయార్కున నాటకముగ ఆడిరి. ఆ సంవత్సరమే ఫ్రెంచిభాషలోనికి మారెను. అమెరికావాని పుస్తకమును లోకము చదువసాగినది. ఆ పిమ్మట ‘ది పయొనీర్సు’ 1823లోను, ‘ది పైలటు’ 1824లోను, ‘ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్సు’ 1826లోను వచ్చెను. 1826 మొదలు 1833 వరకు కూపరు కుటుంబముతో ఐరోపాయందు గడపెను.

తిరిగి వచ్చి కూపర్సుటౌనున స్థిరపడిన పిమ్మట జరిగిన సంగతిని గ్రంథాలయ సంచికలో వ్రాయక తప్పదు. సరస్సు ఒడ్డున త్రీ మైల్ పాయింటు అను కొంత నేల కూపరు వంశమువారిది. ఊరివారు చిరకాలముగ అచ్చట వనభోజనములు చేయుచు, అది ఊరుమ్మడిదనియే తలచుచుండిరి. చెట్టు నరికి నష్టము చేయగా, 1837లో కూపరు అనుమతిలేక ఎవరును రారాదని ప్రకటించెను. హక్కు ఆయనదే, కాని ఊరి మనసు నొచ్చినది. జనము సభచేసి ఆ ప్రకటనను లెక్కచేయమని తీర్మానించిరి. అంతటితో ఆగక, ఊరి ఫ్రాంక్లిను గ్రంథాలయమునుండి కూపరు వ్రాసిన పుస్తకములన్నిటిని తొలగింపుడని ధర్మకర్తలకు సిఫారసు చేయుచు మరియొక తీర్మానము చేసిరి! తండ్రి కట్టించిన ఊరు, కుమారుని పుస్తకములు. పత్రికలు ఈ తగవును అందుకొని ఆయనను దూషించెను. కూపరు ఊరకొనలేదు. పరువునష్టపు దావాలు వేసి, చాలవరకు గెలిచెను. గెలిచిన కొలది జనమునకు దూరమయ్యెను. ఆయన స్వభావమున పట్టుదల పాలు ఎక్కువ. ఒకమాట విడిచిన పోవు తగవులను కోర్టుదాక తీసికొనిపోయినాడని నాకు తోచును. దేశము తనను అపార్థము చేసికొన్నదను బాధ ఆయనకు కడవరకు తీరలేదు.

ఈలోగా హార్వే బర్చికి మూలపురుషుడెవడు అను వెదకులాట సాగుచుండెను. 1828లో బార్నము అను నాతడు ఒక పుస్తకము వ్రాసి, ఈనాకు క్రాస్బీ అను చెప్పులు కుట్టువాడే ఆ వేగులవాడని చాటెను. క్రాస్బీ కల్పితుడు కాడు. యుద్ధకాలమున రాజపక్షపు దళములలో చేరి, వారితో కూడ పట్టుబడి, తప్పించుకొన్నట్లు నటించి, జే సంఘమునకు వార్తలు చేరవేసినవాడే. అప్పటికి ముసలివాడై న్యూయార్కు రాష్ట్రముననే వ్యవసాయము చేసికొనుచుండెను. 1835లో మరణించెను. జే చెప్పిన మనుష్యుడును ఇతడును ఒకరేయని పలువురు నమ్మిరి. నేటికిని నమ్మువారు కలరు. పోలికలు లేకపోలేదు. చెప్పగలవాడు జే యొక్కడే. ఆయన 1829లోనే, పేరు బయటపెట్టకయే, కన్నుమూసెను.

కూపరు 1851 సెప్టెంబరు 14వ తేదీన, అరువదిరెండు నిండుటకు ఒక దినము ముందు, కూపర్సుటౌనున మరణించెను. తన జీవితచరిత్రమును ఎవరిచేతను వ్రాయింపవలదని ఇంటివారితో చెప్పి పోయెను. అంతకు ముందేడు, 1850లో, క్రాస్బీని గూర్చి అడిగినవారికి ఆయన ప్రత్యుత్తరము వ్రాసెను. ఐరోపానుండి తిరిగివచ్చి, తన వేగులవానితో జతచేసి చెప్పుచుండగా వినువరకు ఆ పేరు తనకు తెలియదనియు, తాను ఆధారపడినది జే చెప్పిన కథపైననే యనియు, జే ఆ మనుష్యుని పేరు తనకెన్నడును చెప్పలేదనియు అందు వ్రాసెను.